భిన్నాల కృత్యం బాగానే సాగింది, పాఠం మాత్రం అందలేదు: లోపం ఎక్కడుంది?

ప్రశ్న (మూడో తరగతి ఉపాధ్యాయురాలు):

అందరికీ నమస్కారం. మా తరగతిలో 36 మంది పిల్లలు ఉన్నారు, పీరియడ్ 40 నిమిషాలు. భిన్నాలు మొదలుపెడుతూ, ఒక్కొక్కరి చేత అట్టముక్క మీద వృత్తం గీయించి, దాన్ని నాలుగు భాగాలు చేయించి, భాగానికో రంగు వేయించాను. పిల్లలు ఎంతో ఇష్టంగా చేశారు. గోడకు అంటించిన చక్రాలను చూసి ప్రధానోపాధ్యాయులు కూడా మెచ్చుకున్నారు. తీరా మరుసటి రోజు 1/3, 1/4లలో ఏది పెద్దదని అడిగితే సగానికి పైగా పిల్లలు 1/4 అన్నారు. ఎందుకని అడిగితే, "మూడు కంటే నాలుగు పెద్దది కదా టీచర్!" అని ఒక అమ్మాయి నాకే తిరిగి పాఠం చెప్పింది. సృజనాత్మక కృత్యాలు చేయించమని శిక్షణల్లో ఎప్పుడూ చెబుతూనే ఉంటారు గానీ, చేయించాక కూడా పాఠం అందకపోతే ఏమి చేయాలో చెప్పేవారు లేరు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం:

మేడమ్, ఆ అమ్మాయి జవాబు తప్పే గానీ ఆలోచన నిర్లక్ష్యంగా చేసినది కాదు. పూర్ణసంఖ్యల దగ్గర ఇంతకాలం పనికొచ్చిన నియమాన్నే ఇక్కడా వాడింది. ఆ నియమం భిన్నాల దగ్గర చెల్లదని మనం చెబితే సరిపోదు, తన చేతుల్లోనే తేలిపోవాలి. మీ చక్రంలో పోల్చి చూడడానికి రెండో భిన్నమే లేదు. పిల్లల శ్రద్ధంతా రంగు గీత దాటకుండా చూసుకోవడం మీదే ఉండి ఉంటుంది. భిన్నం గురించి ఒక్క క్షణమైనా ఆలోచించకుండా పిల్లవాడు ఈ పని పూర్తి చేయగలడా అని నేను ప్రతి కృత్యానికీ ముందు ప్రశ్నించుకుంటాను. చేయగలిగితే దాన్ని చిత్రలేఖనం పీరియడ్‌కు వదిలేస్తాను.

నేను వృత్తాలు మానేసి 24 సెంటీమీటర్ల పొడవున్న కాగితపు పట్టీలు వాడుతున్నాను. 24ను 2, 3, 4, 6, 8 అన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి కనుక తరవాత స్కేలుతో సరిచూసుకోవడం తేలిక. అయితే మడత వేయకముందే, "మళ్లీ సగానికి మడిస్తే ముక్కలు ఎన్నవుతాయి, ఒక్కోటి ఎంతుంటుంది?" అని అడిగి, అంచనాను పలక మీద రాయించాలి. ఈ అడుగు వదిలేస్తే మిగిలేది కాగితం మడతలే. మొదటి మడతకు 12, రెండోదానికి 6, మూడోదానికి 3 సెంటీమీటర్లు వస్తాయి. ఒకసారి ఒక పిల్లవాడు నాలుగో మడతను గోరుతో గట్టిగా నొక్కి, విప్పి, దాని పక్కన వేలు పెట్టి చూసుకుని, "పదహారు అయ్యాయి సార్, కానీ ఒక్కోటి నా వేలంతే ఉంది" అన్నాడు. హారం పెరిగితే భాగం చిన్నదవుతుందని ఆ రోజు నేను బోర్డు మీద రాయవలసిన అవసరం రాలేదు.

మూడు సమభాగాలుగా మడవడం పెద్దలకే ఒక పట్టాన కుదరదు, పిల్లలవి హెచ్చుతగ్గులుగా వస్తాయి. వెంటనే సరిచేయకండి. ఆ మూడు ముక్కల్లో ప్రతిదాన్నీ 1/3 అనవచ్చా అని అడిగితే, సమానంగా ఉండడం ఎందుకు ముఖ్యమో వాళ్లే వాదించుకుంటారు.

రెండో సమాధానం:

పైన చెప్పిన పద్ధతితో ఏకీభవిస్తాను గానీ, రంగులను పూర్తిగా పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. 16 గళ్లున్న చతురస్రాన్ని ఇచ్చి, సరిగ్గా సగానికి మాత్రమే, ఇంకెవరి నమూనాతోనూ కలవకుండా రంగు వేయమనండి. గళ్లు ఎనిమిదే కావాలి, అమరిక మాత్రం వారి ఇష్టం. కొందరు గడిని ఐమూలగా కోసి రెండు అరగళ్లను ఒకటిగా లెక్కిస్తారు. అది సగమేనా అని పక్కవారు నిలదీస్తారు. సృజన అనే మాటకు అర్థం అక్కడ కనిపిస్తుంది.

పట్టీలతోనే ఆగిపోతే భిన్నమంటే పొడవే అనుకునే ప్రమాదం కూడా ఉంది. 1837లో జర్మనీలో చిన్నపిల్లల కోసం సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్, ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక చెక్క ఘనాన్ని బోధనోపకరణంగా రూపొందించాడు. దాన్ని విడదీస్తే నాలుగు ఘనాలు సగం, రెండు పావు, ఒకటి 1/8 అవుతాయి. చెక్కవి దొరకకపోతే ఒకే కొలతలో ఉన్న ఖాళీ పెట్టెలు చాలు. ఇంకొక మాట, ఆరుగురిని ఒక జట్టు చేస్తే ఒకరు మడుస్తారు, ఐదుగురు చూస్తారు, జంటలుగానే కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ వారం పట్టీలతో చేయించాను. అంచనాలు రాయించడంతో ఒక పీరియడ్ చాలక రెండు పట్టాయి. మూడు భాగాల మడత దగ్గర గొడవే జరిగింది, చివరికి స్కేలు పెట్టి 8 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టుకున్నారు. నాకు పాఠం చెప్పిన అమ్మాయి 1/3 ముక్కను 1/4 ముక్క పక్కన పెట్టి, రెండు సెంటీమీటర్ల తేడాను కాసేపు చూసి, "నాలుగు పెద్దదే టీచర్, కానీ ఇది నలుగురికి పంచింది కదా" అంది. ఐదారుగురు ఇంకా తడబడుతున్నారు. వారి కోసం సోమవారం ఖాళీ పెట్టెలు తెప్పిస్తున్నాను. 16 గళ్ల చతురస్రం ఆ తరవాత మొదలుపెడతాను.