చర్చి మోడల్‌లో వెలుగు శిలువ అంచులు చెదిరిపోతున్నాయి

జపాన్‌లోని ఇబరాకిలో 1989లో పూర్తయిన ‘చర్చ్ ఆఫ్ ది లైట్’ అంటే నాకు ప్రాణం. వేదిక వెనక కాంక్రీటు గోడలో ఆర్కిటెక్ట్ తడావో ఆండో శిలువ ఆకారంలో సందు వదిలారు. ఆ చీకటి గదికి ఇంకే అలంకారమూ అక్కర్లేదు.

దాన్ని 1:50 స్కేలులో అట్టతో చేస్తున్నాను. గోడ మందం 8 మి.మీ., సందు 4 మి.మీ. బయట 10 సెం.మీ. దూరంలో ఎల్‌ఈడీ స్ట్రిప్ పెడితే గోడలో శిలువ చక్కగా వెలుగుతోంది. నేల మీద పడే వెలుగు మాత్రం పాలు ఒలికినట్టు అలుక్కుపోతోంది. సందు 2 మి.మీ.కు తగ్గించాను, లోపలంతా నల్లరంగు వేశాను, ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టాను (దాంతో ఇంకా పాడైంది).

నేల మీద కూడా శిలువ గీసినట్టు పడాలంటే ఎలాంటి లైటు, ఎంత దూరంలో పెట్టాలి?