ఈ వారం సమస్య: పిండి పైకి వచ్చెఁ బండు మునిఁగె

నిర్వాహకుడు:
ఈసారి పాదం ఓవెన్‌లోంచి వచ్చింది. మా వీధి చివరింటి పెద్దావిడ పుట్టి పెరిగింది అమెరికాలోని ఈ జార్జియాలోనే. పీచ్ కాబ్లర్ (పీచ్ పండ్లు, పిండితో ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. కప్పు పిండి, కప్పు పంచదార, కప్పు పాలు, అంతే లెక్క. గాజు పాత్రలో అర కప్పు వెన్న కరిగించి, దాని మీద పిండి పోసి, ఆపైన పండ్ల ముక్కలు సర్దింది. కలుపుదామని గరిటె తీయబోతే చేతి మీద ఒక్కటేసింది! 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ముప్పావు గంట దాటేసరికి ముక్కలు అడుక్కి పోయాయి, పిండి బంగారు రంగులో పైకొచ్చి కూర్చుంది. ఇది ఆటవెలది చివరి పాదం, ముందు మూడు పాదాలూ రాసి పూరించండి.

యతిభంగం:
పూరణ తర్వాత. ముందు పాదం సంగతి. పాదం మొదటి అక్షరానికి మధ్యలో అక్షరంతో కుదరాల్సిన యతి, పిం-పం, ఎక్కడ కుదిరింది సార్? ఇకారానికి అకారంతో స్నేహమా?

కొండవీటి కవి:
పిండి-బండు. ప్రాసయతి, రెండో అక్షరాలు 'ండి', 'ండు' కలిస్తే చాలు. మీ పేరు చూసుకుని మురిసిపోతూ రెండో అక్షరం చూడటం మానేశారు.

అట్లాంటా అక్కయ్య:
వాళ్ళిద్దరూ తేల్చుకునేలోపు నాది:

వెన్న కరగనిచ్చి పిండిని జారుగాఁ
బోసి, పీచు ముక్క పొరగఁ బేర్చి,
కలపకుండ నుంచి కాల్చిన గంటకే
పిండి పైకి వచ్చెఁ బండు మునిఁగె

యతిభంగం:
గణాలు శుభ్రం. కానీ 'పీచు ముక్క' అంటే మా వైపు నాటు మామిడి టెంక గుర్తొస్తుంది అక్కయ్యా. ఇది పద్యమా, వంట పుస్తకంలో పేజీయా? చమత్కారం ఏదీ?

అట్లాంటా అక్కయ్య:
చమత్కారం పిండిలోనే ఉంది తమ్ముడూ. బేకింగ్ పౌడర్ వేడికి గాలి బుడగలు వదులుతుంది, పిండి ముక్కల సందుల్లోంచి పొంగి పైకొస్తుంది. కలిపితే ఆ తమాషా పోతుంది. ఇక్కడ సెల్ఫ్ రైజింగ్ పిండిలో అది ముందే కలిపి ఉంటుంది. మైదాతో చేసేవాళ్ళు కప్పుకి ఒకటిన్నర టీ స్పూన్లు, చిటికెడు ఉప్పు వేసుకోవాలి. వేయకపోతే పిండి పైకి రాదు, మీ పూరణలాగే.

గోంగూర గుంటూరు:
అబ్బ! అక్కయ్య తగిలించింది. నా వంతు. మా వాడి ముద్దుపేరు పండు:

పొయ్యి చూడుమనుచుఁ బొరుగింటి కేఁగితి
ఫోనులోని యాటఁ బొద్దు మఱచి
పాత్ర యంచు దాటి (పట్టించు వాఁడేఁడి!)
పిండి పైకి వచ్చెఁ బండు మునిఁగె

కొండవీటి కవి:
కుండలీకరణం లోపల యతి పెట్టడం బాగుంది. ఆ ఒక్క విసురు కోసమే పద్యం మళ్ళీ చదివాను. సరళాదేశంతో (ప బగా మారే సంధితో) పండు కాస్తా బండు అయ్యాడనుకోండి, ఫోన్లో మునిగినవాడికి అదేం పట్టదులే. ఒకటే సందేహం. రెండో పాదంలో పొద్దు మరిచింది పండే కదా? మీరు పక్కింటికి వెళ్ళి మరిచిపోయినట్టు కూడా చదవొచ్చు.

గోంగూర గుంటూరు:
అదీ నిజమేనండీ, ఇద్దరం కలిసే మరిచాం.

డబ్బా దొర:
తాజా పీచ్‌లు మాకు దొరకవు. కాబట్టి:

పంచదార నీరు పట్టిన డబ్బాలో
పండు తెచ్చి పోసి పాకమంత
వంపనైతి నేను, వండితి నటులనే
పిండి పైకి వచ్చెఁ బండు మునిఁగె

యతిభంగం:
డబ్బాలో. మూడు గురువులు. మగణం ఇక్కడ రావాల్సిన ఇంద్రగణాల్లో ఎప్పుడు చేరింది? 'డబ్బాల' అనండి, పోతుంది. మునుపటి బిస్కట్ల సమస్యలోనూ 'ఓవెన్' అని రెండు గురువులు పెట్టి, గురువు-లఘువు ఉండాల్సిన హగణమని దబాయించింది ఈయనే.

డబ్బా దొర:
ఆ పద్యం మీకింకా కంఠతా ఉందంటే నాకదే సన్మానం. 'డబ్బాల' చేస్తున్నాను. బిస్కట్ల వారం మీ పూరణ ఒక్కరికీ గుర్తులేదు, ఎందుకో మరి.

అట్లాంటా అక్కయ్య:
గణం సంగతి అటుంచండి, విషయం మాత్రం సరిగ్గా పట్టారు దొరగారూ. పాకం వంపకపోతే అడుగున పాయసమే. తాజా పండైతే మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి చన్నీళ్ళలో వేస్తే తోలు చేతికి ఊడొస్తుంది. ఎల్బెర్టా రకం దొరికితే మరీ హాయి, గింజ కండకి అంటుకోదు. అదీ మా జార్జియాదే, 1870లలో మార్షల్‌విల్ తోటలో పుట్టింది. పెంచినాయన భార్య పేరే పెట్టాడు.

యతిభంగం:
ఇంటి పేర్ల చరిత్ర కూడా అయిందా? ఇక చూడండి. ఓవెన్ లేదు, డబ్బా లేదు, ముద్దుపేరూ లేదు:

పుష్కరాల రేవు పూజలో ఫలమిడి
ముక్కు మూసి మునిఁగి మూడు మార్లు
తాత లేచి మెల్లఁ దడిసిన పంచెను
పిండి పైకి వచ్చెఁ బండు మునిఁగె

గోంగూర గుంటూరు:
పంచెను పిండి! అమ్మో. ఇది పూరణంటే. కాబ్లర్ నేరుగా రాజమండ్రి వెళ్ళిపోయింది.

నిర్వాహకుడు:
నేను పిండిని మైదాగానే చూశాను, క్రియగా తోచనే లేదు. ఈ వారం మెచ్చుకోలు దీనికే ఇద్దామనుకుంటున్నాను. ఎవరికైనా అభ్యంతరమా?

కొండవీటి కవి:
నాకుంది. పంచె దాకా ఒప్పుకుంటాను, విరుపు బాగుంది, ఈయన నుంచి ఇంత ఆశించలేదు. కానీ పుష్కరాల రేవులో జనం వదిలేది ఎక్కువగా అరటిపండు, కొబ్బరికాయ. రెండూ తేలతాయి. యాపిల్ కూడా తేలుతుంది. తాత ఏం వదిలాడు, ద్రాక్షపండా? కాబ్లర్‌లో పండు మునగడానికి కారణముంది, అక్కయ్య చెప్పింది. గోదాట్లో మునగడానికి ఏముంది?

యతిభంగం:
కవిసమయం అనేది ఒకటుంది స్వామీ, కవులకు చెల్లే కల్పన.

కొండవీటి కవి:
పిం-పం అప్పుడు గుర్తురాలేదు కవిసమయం.

యతిభంగం:
సరే, జామపండు అనుకోండి.

అట్లాంటా అక్కయ్య:
అనుకోవడం దేనికి? బకెట్ నీళ్ళలో వేసి చూసి చెప్పండి. అప్పటిదాకా నిర్వాహకులు మెచ్చుకోలు ఆపాలి.