గామా కిరణాల దూరదర్శినులను గుంపుగా ఎందుకు నిలుపుతారు? అమ్రాబాద్ గుట్టలు పనికివస్తాయా?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, దేవరకొండ):
అందరికీ నమస్కారం. 2024 అక్టోబరులో లద్దాఖ్‌లోని హాన్లేలో ప్రారంభమైన మేస్ అనే గామా కిరణాల దూరదర్శిని గురించి చెబుతుండగా, మా పదో తరగతి పిల్లలు అడిగిన రెండు ప్రశ్నలకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. అక్కడ 21 మీటర్ల అద్దం ఒక్కటే ఉండగా, నమీబియాలోనూ అరిజోనాలోనూ 12 మీటర్ల దూరదర్శినులను నాలుగేసి చొప్పున ఎడంగా ఎందుకు నిలిపారు? అటువంటి గుంపును, రాత్రి చీకటి ఇంకా చిక్కగా ఉండే మన అమ్రాబాద్ గుట్టల మీద కట్టవచ్చునా?

జవాబు 1 (పరిశోధక విద్యార్థి, సొంతూరు మిర్యాలగూడ):
సార్, గామా కిరణం నేల దాకా రాదు. అది పై వాతావరణంలో గాలి పరమాణువును తాకి ఎలక్ట్రాన్ల, పాజిట్రాన్ల (ధనావేశం గల ఎలక్ట్రాన్ల వంటి కణాల) జల్లుగా మారుతుంది. ఆ కణాలు గాలిలో కాంతికి ఉండే వేగాన్ని మించి దూసుకువస్తాయి కనుక చెరెంకోవ్ కాంతి అనే నీలి మెరుపు పుడుతుంది. అది సెకనులో వంద కోట్లవ వంతులు కొన్నింటిపాటే ఉన్నా, నేల మీద దాదాపు 120 మీటర్ల వ్యాసార్ధంతో, అంటే మన లెక్కలో సుమారు 11 ఎకరాల మేర పరుచుకుంటుంది. నమీబియాలో ఆ నాలుగింటి మధ్య 120 మీటర్ల ఎడం ఉంచింది ఇందుకే: ఒకే మెరుపును అన్నీ వేర్వేరు కోణాల నుండి చూస్తాయి, సాగిన ఆ చిత్రాల నిడివి గీతలు (అక్షాలు) కలిసే చోటే కిరణం వచ్చిన దిశ. మ్యుయాన్ అనే కణం ఒకటి దగ్గరగా పోయినా ఒంటరి దూరదర్శిని మోసపోవచ్చు. కానీ దాని వెలుగు సాధారణంగా ఒక్క అద్దానికే అందుతుంది కనుక గుంపు దానిని తోసిపుచ్చగలదు. అద్దాన్ని ఎంత పెంచినా ఈ లాభం రాదు. పెద్ద అద్దం తక్కువ శక్తి గల కిరణాల మసక మెరుపులను పట్టడానికి ఉపయోగపడుతుంది.

జవాబు 2 (అచ్చంపేట వాసి):
నాకు ఆ అడవి బాగా తెలుసు. అక్కడ కట్టకూడదన్నదే నా గట్టి అభిప్రాయం. అది పులుల అభయారణ్యం. పైగా గుట్టల ఎత్తు వెయ్యి మీటర్లకు చేరదు, హాన్లే 4,200 మీటర్లకు పైనే ఉంది. అరిజోనా గుంపు సుమారు 1,270 మీటర్ల ఎత్తులోనే పనిచేస్తోంది కనుక ఎత్తొక్కటే అడ్డంకి కాదు. జూన్ నుండి సెప్టెంబరు దాకా మబ్బు పట్టి ఉండే ఆకాశం అంతకంటే పెద్ద అడ్డంకి, ఎందుకంటే ఈ పనికి వెన్నెల లేని, మబ్బు లేని రాత్రులు కావాలి. ఇబ్రహీంపట్నం దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలను హైదరాబాద్ వెలుగు ఎలా కమ్మిందో మనం చూశాం.

జవాబు 3 (విశ్రాంత ఇంజినీరు, మహబూబ్‌నగర్):
ఉపాధ్యాయుడు గారూ, పిల్లలను నిరాశపరచకండి. 1952లో ఇంగ్లండ్‌లో గాల్‌బ్రెయిత్, జెల్లీ అనే శాస్త్రవేత్తలు ఈ మెరుపును మొదటిసారి పట్టింది చెత్తడబ్బాలో అమర్చిన 25 సెంటీమీటర్ల అద్దంతో, దాని నాభి దగ్గర పెట్టిన ఒక ఫోటోమల్టిప్లయర్ గొట్టంతో (మసక వెలుగును పెద్ద విద్యుత్ సంకేతంగా మార్చే గొట్టం). మేస్ కెమెరాలో అటువంటి గొట్టాలు 1,088 ఉన్నాయి. ఆ దూరదర్శిని నిర్మాణంలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ పాత్ర ఉంది. డిసెంబరు అమావాస్య నాడు ఊరి దీపాలకు దూరంగా మీరూ ప్రయత్నించవచ్చు. అయితే ఆ గొట్టానికి వెయ్యి వోల్టుల దాకా ఇవ్వవలసి ఉంటుంది కనుక తీగలను పిల్లల చేతికి ఇవ్వకండి. అది పనిచేస్తుండగా టార్చి వెలుగు పడితే గొట్టమే పాడవుతుంది.