పబ్లిక్ డొమైన్‌ను మన ఊరి మాటల ఏమనాలె?

పానగల్లు చెరువు:
దోస్తులారా, ఒక్క మాట కోసం మూడు దినాల సంది తండ్లాడుతున్న, జర సాయం పట్టుండ్రి. మేం ముగ్గురం కలిసి వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకం ఒకటి స్కాన్ జేసి టైపు కొట్టి నెట్‌ల పెడుతున్నం. మా నల్లగొండ జిల్లాల పుట్టినాయన, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంట ఊరూరు తిరిగినాయన, ఆయన పుస్తకం ఫోన్ల సదువుకునే దిక్కు లేకపోతే ఎట్ల అని మొదలువెట్టినం. టైపు అయింది, తప్పులు దిద్దుడు అయింది. ముందు పేజీల "ఈ పుస్తకం ఇప్పుడు పబ్లిక్ డొమైన్‌ల ఉన్నది" అని ఒక్క లైను తెలుగుల రాయాలె, ఆడ బండి ఆగింది.

"హక్కులు లేని పుస్తకం" అని రాయిమన్నడు మా దోస్తు. నాకు మనసొప్పలే. మొన్నటిదాక వారసులకే ఉండె, ఇప్పుడు అందరికి వచ్చింది, వచ్చినదాన్ని పట్టుకొని లేదంటే ఎట్ల. "సార్వజనికం" అని రాసి మా అమ్మకు సదివి వినిపిస్తే గణపతి మండపం చందా రసీదు అనుకున్నది.

మా బాపు మంచంల కూసొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నడు. ఏందిరా పొద్దటి సంది అదే లైను సదువుతున్నవ్ అన్నడు. చెప్పిన, గిట్ల, రాసినాయన పోయి 60 ఏండ్లు దాటితే ఆ పుస్తకం మీద ఇగ ఎవ్వరికీ పట్టా ఉండదు, ఎవలైనా అచ్చేసుకోవచ్చు, నాటకం ఆడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఎవర్నీ అడిగే పని లేదు అని. చేతిలో కాయ ఆపి "అంటే బంచరాయి అయినట్టు" అన్నడు. మళ్ల ఈనెలు తీసుకుంట కూసున్నడు. నేనైతే ల్యాప్‌టాప్ మూసి బయటికి పోయిన.

బంచరాయి తెలువనోళ్లకు చెప్తున్న, ఊరి పసులు మేసే జాగ. పటేలు బర్రె మేస్తది, మాదిగ ఎల్లయ్య మేక మేస్తది, ఎవరి పేరు మీద పట్టా ఉండదు. అట్లని దిక్కులేని జాగ అని ఎవరూ అనరు, "మా ఊరి బంచరాయి" అనే అంటరు. ఆ "మా ఊరి" అనేదే నాకు కావాల్సింది, హక్కులు లేని అనే మాటల అది పోతున్నది. మీరేమంటరు?

జిరాక్సు కొట్టు:
మస్తుగున్నదే అన్నా. లెక్క మాత్రం ఒకసారి చెప్పు, నా కొట్టుకు వచ్చే పిల్లలు రోజు అడుగుతరు.

పానగల్లు చెరువు:
లెక్క అల్కనే తమ్మీ. రచయిత పోయిన ఏడాది విడిచిపెట్టి, మరుసటి జనవరి సంది 60 ఏండ్లు పట్టాలె. ఆళ్వారుస్వామి పోయింది 1961ల, అంటే 2021 డిసెంబర్ తోని ఒడిసింది, 2022 జనవరి 1 సంది ఆయన బతికుండంగ అచ్చయిన పుస్తకాలు మనయి. మీ పాలమూరు దిక్కు సురవరం ప్రతాపరెడ్డి గారు 1953ల పోయిన్రు, ఆయనయి 2014 జనవరిలనే విడుదలైనయ్. దాశరథి కృష్ణమాచార్య 1987, అంటే 2048 దాక ఆగాలె. కాళోజీ 2002, ఇగ అది మన పిల్లలు జూసుకుంటరు.

ఇంకో సంగతి. 1957 కాపీరైటు చట్టంల 50 ఏండ్లే ఉండె. ఠాగూర్ 1941ల పోయిన్రు గదా, 1991 ఆఖరుకు ఆయన రాసినయి విడుదలయ్యేటివి, సరిగ్గ అప్పుడే గడువు పెంచి 1992ల సవరణ జేసి 60 చేసిన్రు. ఒక్కాయన పేరు మీద దేశంల రాసినోళ్లందరికి పది పెరిగినయ్. ఆ పది లేకపోతే ఆళ్వారుస్వామి పుస్తకం మనకు 2012లనే దొరికేది. మా బాపు భాషల చెప్పాలంటే రాత్రికి రాత్రి గెట్టు జరిపిన్రు. అమెరికల ఇంకా అన్యాయం, 1998ల 20 ఏండ్లు పెంచిన్రు, దాంతోని అచ్చయిన పాత పుస్తకం 2019 దాక ఒక్కటి కూడ అక్కడ కొత్తగ విడుదల కాలే, మిక్కీ మౌస్ 1928 నాటి బొమ్మ 2024 జనవరిల బయటపడ్డది.

పహాణీ నకలు:
మాట బాగుంది సార్ గాని నాకొక అభ్యంతరం. నేను భూమి కాయితాల మధ్యల 22 ఏండ్లు పనిజేసిన. బంచరాయి అంటే రికార్డుల సర్కారు భూమి. పబ్లిక్ డొమైన్ అంటే సర్కారుది కాదు గదా. మనోళ్లకు ముందే పబ్లిక్ అంటే గవర్నమెంటు అనే భ్రమ ఉన్నది, పబ్లిక్ సెక్టార్ అని. ఈ మాట పెడితే అది ఇంకా ముదురుతది.

సర్కారు అచ్చేసిన పుస్తకం గూడ ఊరికే తీసుకోవద్దు, మన చట్టంల సర్కారు రచనలకు గూడ అచ్చయిన సంది 60 ఏండ్లు కాపీరైటు ఉన్నది. చట్టాలను ఏదన్న వివరణో సొంత రాతో జోడించి, తీర్పులను కోర్టు వద్దనకపోతే, ఎవలైనా అచ్చేసుకోవచ్చు. అమెరికల వేరే, అక్కడ కేంద్ర సర్కారు ఉద్యోగి డ్యూటీల చేసినదానికి కాపీరైటే ఉండదు, అందుకే నాసా ఫోటోలు మనూరి ఫ్లెక్సీ మీద గూడ కనిపిస్తయ్.

పానగల్లు చెరువు:
సార్ మీరు చెప్పింది కాదనలేను. రికార్డుల రాసేది ఒకటి, ఊళ్ల అనుకునేది ఒకటి. నేను ఊరి మాటనే పట్టుకుంటున్న. కాయితంల సర్కారుదే ఉండనీ, పొద్దున మేకలు తోలేటాయన తహసీల్దారును అడిగి తోల్తడా?

కృష్ణకవతల:
నమస్కారమండి, మాది గుంటూరు దగ్గర. మా వైపు బంచరాయి అంటే ఎవరికీ అర్థం కాదు, బంజరు అని టైపు తప్పు పడిందేమో అనుకుంటారు. బంజరంటే ఏమీ పండని నేల, పుస్తకానికి ఆ పేరు పెడితే బాగోదు కదా. ఊరుమ్మడి అనొచ్చేమో చూడండి, రెండు వైపులా తెలుస్తుంది.

పానగల్లు చెరువు:
అన్నా ఊరుమ్మడి నేను గూడ అనుకున్న. ఉమ్మడి అనంగనే మా దిక్కు ముందు యాదికొచ్చేది వాటా. ఉమ్మడి ఆస్తి అన్నరంటే ఎప్పుడో ఒకనాడు అన్నదమ్ములు పంచుకుంటరు, గోడ లేస్తది. బంచరాయిల వాటా అనే మాటే లేదు. రేపు పుట్టినోనికి గూడ అంతే హక్కు.

జిరాక్సు కొట్టు:
భూమి మాటలే తీస్తున్నరు గాబట్టి నాదొకటి పట్టుండ్రి. ఫెయిర్ డీలింగ్ అని ఉన్నది గదా, కాపీరైటు ఉన్న పుస్తకంల నుంచే సొంతంగ సదువుకునేటందుకు, రివ్యూ రాసేటందుకు కొంత తీసుకోవచ్చు అని చట్టంల 52వ సెక్షన్. దాన్ని న్యాయమైన వినియోగం అని రాస్తరు, సదివితే నోరు ఎండిపోతది. మా అవ్వ చేసేది గదే పని. వరి కోసుడు అయినంక ఆసామి చేన్ల రాలిన కంకులు ఏరుకొచ్చేది, పరిగె ఏరుడు. చేను ఆసామిదే, పట్టా ఆయనదే, అయినా పరిగె ఏరుకునేటోళ్లను ఎవడూ దొంగ అనలే. ఫెయిర్ డీలింగ్ అంటే పరిగె. ఒప్పుకుంటరా లేదా?

పహాణీ నకలు:
శభాష్. కుప్పకు కుప్ప ఎత్తుకపోతే మాత్రం పరిగె గాదు.

జిరాక్సు కొట్టు:
గదే సార్ లొల్లి అంత, ఎంత తీస్తే పరిగె, ఎంత తీస్తే దొంగతనం. ఢిల్లీ యూనివర్సిటీల ఒక జిరాక్సు షాపు మీద 2012ల ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి కేసేసిన్రు, పిల్లలకు సిలబస్ ప్రకారం పుస్తకాలల్ల అధ్యాయాలు తీసి కట్టగట్టి ఇస్తున్నడని. 2016 సెప్టెంబర్ల హైకోర్టు కేసు కొట్టేసింది. డిసెంబర్ల ఇద్దరు జడ్జిల బెంచి గూడ సదువు చెప్పేటందుకు ఎంత అవసరమో అంత తీసుకోవచ్చు, ఇన్ని పేజీలే అని గీత లేదు అన్నది, 2017ల పబ్లిషర్లు కేసు వాపస్ తీసుకున్నరు. ఆ తీర్పు వచ్చిన్నాడు నా కొట్ల పిల్లలకు చాయ్ తాగిపిచ్చిన. మిషను అప్పుడు గూడ రెండు సైడ్ల ప్రింటుకు మొరాయిస్తనే ఉండె, అది వేరే కథ.

దేవరకొండ గుట్ట:
అందరు మేతకు తోలుకపోతున్నరు గాని గడ్డి పెంచినోని మాట ఎవరూ మాట్లాడ్తలేరు. నేను కథలు రాస్త. మొదటి పుస్తకానికి ఒక పబ్లిషరు 20 కాపీలు చేతుల పెట్టి సర్వహక్కులు ఆయనకే అని కాయితం మీద సంతకం తీసుకున్నడు, అప్పుడు నాకు పుస్తకం అచ్చుల చూసుకునుడే ముద్దు, ఏం సదివి పెడ్తం. ఇప్పుడు ఆ కథను షార్ట్ ఫిలిం తీస్త అని పిల్లలు వస్తే అడగాల్సింది నన్ను కాదట. నాకైతే పట్టా ఉండుడే కావాలె. మీ దృష్టిల కాపీరైటు అంటే కబ్జా లెక్క కనిపిస్తున్నది, రాసేటోనికి అదొక్కటే బువ్వ.

పానగల్లు చెరువు:
అక్కా నేను పట్టా వద్దంటలే. నువ్వు బతికున్నన్ని దినాలు నీ చేను నీదే. నీవు పోయినంక నీ మునిమనుమడు ఎవడో, నీ కథ సదవనోడు, 60 ఏండ్లు కంచె పెట్టుకొని కూసుంటే కథకు ఏం లాభం అని నా అడుగుడు.

ఇంతకు ఆ కాయితంల ఎన్నేండ్లకు అని రాసిన్రు, ఒకసారి తీసి చూడు. గడువు రాయకపోతే చట్టం ప్రకారం 5 ఏండ్లకే ఇచ్చినట్టు, ఏ దేశాలకో రాయకపోతే మన దేశం మటుకే. ఇంకోటి, అమ్ముడు వేరు, కౌలుకిచ్చుడు వేరు. లైసెన్సు అంటే కౌలు, చేను నీదే ఉంటది. ఆ తేడా చెప్పకుంట సంతకాలు తీసుకుంటరు.

దేవరకొండ గుట్ట:
తీసిన. గడువు రాయలే!! 2015 కాయితం.

పానగల్లు చెరువు:
అయితే ఒక మంచి వకీలుకు చూపెట్టక్కా, గడువు ముచ్చట ఆయనకే ముందు చెప్పు. షార్ట్ ఫిలిం పిల్లల్ని పోనియ్యకు.

పాలమూరు పాట:
నాది తిరగబడ్డ కబ్జా. మా నాయనమ్మ నాటేసేటప్పుడు పాడే పాట, ఎవరు కట్టిన్రో ఎవరికీ తెలువది, పాలమూరు లేబరు యాడ పనికి వోతే ఆడ పాడిన పాట. ఫోన్ల రికార్డ్ జేసి వీడియో పెట్టిన. రెండో దినం కాపీరైటు క్లెయిమ్ వచ్చింది, ఒక మ్యూజిక్ కంపెనీ, ఇది మా పాట అని. ఆ కంపెనీ క్యాసెట్ల అదే పాటను పాడిచ్చి పెట్టుకున్నది, కంప్యూటరు రెండిట్ల రాగం కలిసిందని పట్టుకున్నది. నాయనమ్మకు చెప్తే "నా నోట్లె పాట వానిదెట్ల అయితదిరా" అని గంట సేపు తిట్టింది, ఆ తిట్లు గూడ రికార్డ్ జేసిన, వాటికైతే ఎవడూ క్లెయిమ్ పెట్టలే.

పహాణీ నకలు:
బంచరాయికి పట్టా పుట్టిచ్చుడంటే ఇదే. చట్టం ప్రకారం ఆ కంపెనీకి వాని రికార్డింగు మీదనే హక్కు, అది గూడ విడుదలైన సంది 60 ఏండ్లే. పాట మీద ఏం లేదు. పాట బంచరాయి, క్యాసెట్టు పట్టా. నువ్వు వాని క్యాసెట్టు వాడలే, మీ నాయనమ్మ గొంతు వాడినవ్. అభ్యంతరం పెట్టినవా?

పాలమూరు పాట:
పెట్టిన సార్. ఫారంల ఈ పాటకు ఓనర్ ఎవరు అని అడిగింది. ఎవరూ కాదు, అందరు, అని రాసేటందుకు అండ్ల డబ్బా లేదు. ఇప్పుడు తెలిసింది బంచరాయి అని ఉండాల్సింది అని. నెల పట్టింది, తీసేసిన్రు.

కృష్ణకవతల:
ఈ ఫారం సంగతి విన్నాక నేను మీ వైపే వస్తున్నానండి. ఒక్క అనుమానం, ఇప్పుడు ఏఐ కంపెనీలు దొరికిన పుస్తకమల్లా లాగేసుకుంటున్నాయి కదా, 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తా సంస్థ వాళ్లు చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో కేసు వేశారు. దాన్నేమంటారు మీ భాషలో?

జిరాక్సు కొట్టు:
పొరుగూరి మంద. బంచరాయిల మేస్తే ఏమనం, అది మన చేన్లు గూడ మేస్తున్నది, అది పరిగె అని వాళ్ల వాదన.

పానగల్లు చెరువు:
నా మటుకు ఆళ్వారుస్వామిని అది మేసినా సంతోషమే, కనీసం మా నల్లగొండ తెలుగు నేర్చుకుంటది. గడ్డి ఒడుస్తది గాని పుస్తకం ఒడువది, ఎంతమంది తిన్నా అంతే ఉంటది, బాపు మాట ఆ ఒక్క కాడనే కుంటుతది. దేవరకొండ అక్క చేను సంగతి వేరు, అడిగి కౌలు కట్టాలె.

లైను గిట్ల రాసిన, చూడుండ్రి: "ఈ పుస్తకం 2022 జనవరి 1 సంది పబ్లిక్ డొమైన్‌ల ఉన్నది, అంటే అందరి బంచరాయి. అచ్చేసుకోండ్రి, పాడుకోండ్రి, పంచుకోండ్రి. ఎవర్నీ అడగనక్కర లేదు. రాసినాయన పేరు మాత్రం తీసెయ్యకుండ్రి."

పహాణీ నకలు:
"అందరి" అన్నవు గాబట్టి నా అభ్యంతరం వాపస్.

దేవరకొండ గుట్ట:
తమ్మీ లైను బాగున్నది. ఫోన్ కీబోర్డు బంచరాయిని బంజారాయి అని మారుస్తది, నాకు ఇప్పుడే రెండుసార్లు మార్చింది. ముందు పేజీ ఒకసారి చూసుకో.

పానగల్లు చెరువు:
చూసిన అక్కా. ఒక కాడ పడ్డది. దిద్దిన.