అప్‌డేట్: అమ్మకు పాయింట్లతో హైదరాబాద్–చికాగో టికెట్ దొరికింది

అమ్మను హైదరాబాద్ నుంచి చికాగో తీసుకురావడానికి నా చేజ్ (అమెరికా బ్యాంకు) క్రెడిట్ కార్డు పాయింట్లను ఏ ఎయిర్‌లైన్‌కి మార్చాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఎయిర్ కెనడా వాళ్ల పాయింట్ల ప్రోగ్రామ్ ఏరోప్లాన్‌లో బుక్ చేశాను. విమానాలు మాత్రం దాని పార్ట్‌నర్, జర్మనీ ఎయిర్‌లైన్ లుఫ్తాన్సావి, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా. చాలా థ్యాంక్స్ అండీ!

తేడా అంతా సర్‌ఛార్జిలోనే (పన్నులు కాక ఎయిర్‌లైన్ అదనంగా వేసే ఛార్జీ) ఉంది. ముందు చూసిన ఇంకో ప్రోగ్రామ్‌లో పాయింట్లు తక్కువే అడిగారు. కానీ చివరి పేజీలో పన్నులు, సర్‌ఛార్జి కింద పడిన మొత్తం చూస్తే ఆ "ఫ్రీ" టికెట్‌కి అర్థమే లేదు. ఏరోప్లాన్ ఆ సర్‌ఛార్జి వేయదు. మామూలు పన్నులు, పైన 39 కెనడా డాలర్ల పార్ట్‌నర్ బుకింగ్ ఫీజు, అంతే. అదే టికెట్‌ని డబ్బుతో కొంటే అయ్యే ధరలోంచి, పాయింట్ల టికెట్‌కి మనం కట్టే పన్నులు, ఫీజు తీసేసి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగించి చూడండి, ఒక్కో పాయింటు అసలు విలువ తెలిసిపోతుంది.

పాయింట్లతో దొరికే సీటు సైట్‌లో కళ్లతో చూశాకే చేజ్ పాయింట్లు మార్చండి. ఒకసారి ఎయిర్‌లైన్‌కి మారిస్తే వెనక్కి రావు.

అమ్మకు అమెరికా వీసా ఉంది కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ట్రాన్సిట్ వీసా టెన్షన్ లేదు. లుఫ్తాన్సా బుకింగ్ కోడ్ వేరుగా ఉంటుంది. అది అడిగి తీసుకుని వీల్‌చెయిర్, శాకాహార భోజనం రెండూ పెట్టించాను.