శుభలేఖ మొత్తం ఇత్తడి రేకు మీదే కావాలంటున్నారు, మన విశాఖ గాలికి ఆగుతుందా?

కానుకపెట్టె, గోపాలపట్నం

అందరికీ నమస్కారం. ఇంట్లోనే కప్పా బోర్డుకి (గట్టి మందపాటి అట్ట) హ్యాండ్‌మేడ్ పేపర్ అంటించి గిఫ్ట్ పెట్టెలు చేసి అమ్ముతుంటాను. ఈమధ్య ఒక పెళ్లివారు 200 పెట్టెలు అడిగారు. లోపల మాడుగుల హల్వా, కుంకుమ భరిణె, శుభలేఖ పెట్టి బంధువులకు పంచుతారట. వాళ్ళు ఫోన్లో చూపించిన శుభలేఖ అంతా ఇత్తడి రేకే, అక్షరాలు లోపలికి దిగి వాటిలో నల్లరంగు నింపి ఉంది. పెట్టె మూత మీద కూడా అలాంటిదే చిన్న ప్లేటు కావాలట. చూడ్డానికి నాకూ చాలా నచ్చింది కానీ మూడు విషయాల్లో టెన్షన్‌గా ఉంది: దీన్ని ఎచింగ్ (రసాయనంతో తినిపించి చెక్కడం) చేయించాలా లేజరా, తెలుగు అక్షరాలు అంత చిన్నగా వస్తాయా, పెళ్లివారి ఇల్లు బీచ్ రోడ్డు దగ్గరే కాబట్టి నెల తిరిగేసరికి రేకు నల్లబడిపోతే నన్నే అడుగుతారు కదా. ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రేకుపని, ఆటోనగర్

మేడమ్, నేమ్‌ప్లేట్లు, మెషీన్ లేబుళ్ళు చేసే పనిలో ఉన్నాను, తెలిసింది చెప్తాను. మీరు ఫోన్లో చూసిన శుభలేఖ ఎచింగ్ పనే. రేకుని శుభ్రం చేసి, వెలుతురు తగిలితే గట్టిపడే పూత వేసి, డిజైన్ ఫిల్మ్ పెట్టి యూవీ లైటు కింద ఉంచుతారు. అక్షరాల దగ్గర పూత కడిగేస్తే అక్కడ లోహం బయటపడుతుంది, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం అంతవరకే తింటుంది. తర్వాత ఆ గుంటలో రంగు నింపి పైన తుడిచేస్తారు. ఫైబర్ లేజర్‌తోనూ ఇత్తడి మీద చెక్కవచ్చు, కానీ 200 ముక్కల మీద అంత లోతు తేవాలంటే మెషీన్ టైమ్ బాగా పడుతుంది. ఎచింగ్‌లో అయితే పెద్ద రేకు మీద చాలా ముక్కలు ఒకేసారి దిగుతాయి. పేర్లు ఒక్కో పెట్టెకి ఒక్కోటి మారాలంటే మాత్రం లేజరే మేలు. చెక్క, యాక్రిలిక్ కోసే సీఓటూ లేజర్ ఉన్న షాపుకి వెళ్ళకండి, ఉత్త ఇత్తడి మీద అది గీత కూడా పెట్టదు.

ఇక తెలుగు అక్షరాల సంగతి, అసలు జాగ్రత్త అంతా ఇక్కడే. ద్రావణం కిందికే కాదు, పక్కలకీ తింటుంది. లోపలికి దిగే అక్షరం మీరు గీసినదానికంటే కొంచెం లావవుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు పర్వాలేదు, మన అక్షరాలకు గుండ్రాలూ ఒత్తులూ ఎక్కువ కదా. పేరు చివర 'నాథ్' ఉందనుకోండి, థ లోపలి చుక్క చుట్టూ ఉన్న గీతతో కలిసిపోయి నల్లటి ముద్దవుతుంది. 'లక్ష్మి'లో క కింద ష ఒత్తూ మ ఒత్తూ రెండూ ఇరుక్కుంటాయి. అలాగని మరీ బొద్దు ఫాంటు తీసుకోకండి, అందులో లోపలి ఖాళీలు ముందే తక్కువ. గీత మధ్యరకంగా, ఖాళీలు విశాలంగా ఉన్న ఫాంటు తీసుకుని సైజు పెంచండి. అక్షరాలన్నీ కర్వ్స్ చేసిన (ఫాంటు అవసరం లేకుండా గీతల బొమ్మగా మార్చిన) ఫైలే పంపండి, లేకపోతే వాళ్ళ సిస్టమ్‌లో ఆ ఫాంటు లేక ఒత్తులు ఎగిరిపోతాయి. ఆ ఫైలుని వందశాతం సైజులో కాగితం మీద ప్రింట్ తీసి పెళ్లివారితోనే చదివించండి.

బరువు కూడా చూసుకోండి. 30 గేజు రేకు అంటే 0.3 మిల్లీమీటర్ల పైచిలుకు, ఆ రేకులో 5×7 అంగుళాల కార్డు ఒక్కటే దాదాపు 60 గ్రాములు తూగుతుంది. అదే గేజులో మూత మీది 2×3 ప్లేటు దాదాపు 10 గ్రాములే. నా మాట వింటే మూతకి ఇత్తడి, శుభలేఖకి కాగితం.

అచ్చుయంత్రం

పై అన్నగారి మాటే నాదీ. శుభలేఖ మీద మెరుపు కావాలంటే హాట్ ఫాయిల్ (వేడి అచ్చుతో మెరుపు పొర అద్దడం) చేయించండి. ఆ బంగారు రంగులో బంగారమూ ఇత్తడీ ఏమీ ఉండవు, పలుచటి ప్లాస్టిక్ ఫిల్మ్ మీద అల్యూమినియం ఆవిరి పూత, దానిపై పసుపు రంగు లాకర్ (వార్నిష్ లాంటి పూత), అంతే. అందుకే చిలుము పట్టదు. ఫాయిల్‌తోపాటు ఎంబాస్ కూడా ఒకే బ్లాకుతో (లోహపు అచ్చుతో) కొట్టిస్తే చేత్తో తడిమినప్పుడు అక్షరం పైకి తగులుతుంది. ఫాయిల్ ఒక్కటే అయితే 200 కార్డులకు మెగ్నీషియం బ్లాకు సరిపోతుంది. కాగితం మరీ గరుకుగా ఉంటే గుంటల్లో ఫాయిల్ అంటుకోదు, నున్నటి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) కాగితం తీసుకోండి.

మెట్‌పెట్ బోర్డు (లోహపు మెరుపున్న ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించిన అట్ట) చవక, స్వీటు డబ్బాలకు బాగుంటుంది. మడత దగ్గర పగిలి తెల్లగా కనబడుతుంది కాబట్టి మీ పెట్టెకి మాత్రం వద్దు.

సీతమ్మధార పిన్ని

అమ్మా, శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాయాలి కదా, ఆ సంగతి ఎవరూ అనలేదేం? లాకర్ కొట్టిన రేకు మీద పసుపు నిలవదు, చెయ్యి తగిలితే రాలిపోతుంది. మొదటి శుభలేఖ సింహాచలం అప్పన్న దగ్గర పెడతారు, దానికి పసుపు లేకపోతే పెద్దవాళ్ళ మనసుకి ఎలా ఉంటుంది? కాగితమే వేయించు. భరిణెకి ఏటికొప్పాక లక్క భరిణె తీసుకో, మన అనకాపల్లి జిల్లాదే, ఇత్తడి ప్లేటు పక్కన ఆ ఎరుపు ఎంత బాగుంటుందో.

కానుకపెట్టె, గోపాలపట్నం

పిన్నిగారూ, మీ పసుపు మాట వాళ్ళకి చెప్పగానే శుభలేఖకి కాగితం ఒప్పుకున్నారు, చాలా థాంక్స్. ఇక మిగిలింది మూత మీది ప్లేటే. రేకుపని గారూ, నల్లబడకుండా ఏం చేయాలి? బంగారు రంగు స్టీలు ఉంటుందట కదా, అది వేస్తే? ఇంకో మాట, హల్వాకి ఇత్తడి తగలకూడదా?

రేకుపని, ఆటోనగర్

మీరన్న బంగారు రంగు స్టీలు, అంటే పీవీడీ పూత (శూన్యంలో ఆవిరిగా పట్టించే పలుచటి గట్టి పూత) వేసిన స్టీలు, నిజంగానే నల్లబడదు, ఎచింగ్ చేస్తే పూత పోయిన చోట లోపలి వెండి రంగు కనబడుతుంది, అదీ అందమే. కానీ శుభకార్యానికి ఇనుము వద్దనే ఇళ్ళున్నాయి, స్టీలన్నా ఇనుమే కదా, ముందే అడిగేయండి. ఇత్తడే అంటే, నింపిన రంగు పూర్తిగా ఆరాక ప్రతి ప్లేటునీ శుభ్రంగా తుడిచి, ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోకుండా, అదే రోజు పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ లాకర్ కొట్టించాలి. వేలి చెమట లాకర్ కింద ఉండిపోతే వేలిముద్ర అలాగే నల్లగా తేలుతుంది. అంచులకీ లాకర్ పడాలి, ఉప్పుగాలి మొదట పట్టుకునేది అక్కడే. మూలలు గుండ్రంగా కోయించండి, చేతులు గీసుకోవు. ప్లేట్లను రబ్బరు బ్యాండ్లతో కట్టనివ్వకండి, రబ్బరులోని గంధకం ఇత్తడిని మచ్చ చేస్తుంది. ఒక్కో ప్లేటు మధ్య బటర్ పేపర్ పెట్టించి, మీ ఇంటికి వచ్చాక సిలికా జెల్ (తేమ పీల్చే గుళికల పొట్లం) వేసిన కవర్లో ఉంచండి.

ప్లేటు మూత బయట ఉంటుంది కాబట్టి హల్వాకి తగలదు. అయినా నెయ్యి కాగితానికి పాకకుండా హల్వాని విడిగా సీల్ చేసిన ప్యాకెట్లోనే పెట్టండి. అంటించడానికి ఫెవికాల్ వద్దు, లోహం వైపు పట్టు ఉండదు. మంచి రకం డబుల్ సైడ్ ఫోమ్ టేపు వాడండి, మీ హ్యాండ్‌మేడ్ పేపర్ పీచు లేచేదైతే టేపు దాన్నే ఊడదీసుకుని వస్తుంది, అందుకని ఆ చోట పేపర్లో ప్లేటు కంటే ఒక పిసరు చిన్న ముక్కని కోసి తీసేసి టేపుని నేరుగా బోర్డుకే అంటించండి. బోర్డుకి లోపలి వైపు కూడా కాగితం అంటిస్తున్నారు కదా? ఒకవైపే అంటిస్తే మన తేమకి మూత వంగుతుంది, మూత వంగితే ప్లేటు మూల లేస్తుంది. ముందు నాలుగైదు ప్లేట్లే చేయించి ఒకటి పెళ్లివారి బాల్కనీలోనే పెట్టి చూడండి, ఆ తర్వాతే మిగతావాటికి అడ్వాన్స్ ఇవ్వండి.