అప్‌డేట్: ఎప్పుడూ చిన్న అంకెలే వేస్తున్న నా డీ20 సంగతి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు పోషిస్తూ ఆడే టేబుల్ గేమ్) ఆడేటప్పుడు నా డీ20 (20 ముఖాల డైస్) చిన్న అంకెలే ఎక్కువగా వేస్తోందని, అది డైస్ లోపమా నా అనుమానమా అని అడిగాను కదా. లోపమే. సాయం చేసినవాళ్లందరికీ చాలా థాంక్స్.

మొదట ఉప్పునీళ్ల టెస్ట్ చేశాను. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, ఉప్పు ఇక కరగకుండా అడుగున మిగిలేదాకా కలపాలి, తక్కువైతే డైస్ మునిగిపోతుంది. తేలాక వేలితో ఎటు తిప్పి వదిలినా మెల్లగా దొర్లి మళ్లీ 3, 4, 5 ఉన్న వైపే పైకి వచ్చేది. అంటే ఆ వైపు లోపల గాలి బుడగ ఉండి తేలికగా ఉందన్నమాట.

అసలు విషయం పట్టించింది మాత్రం "20 పక్కన ఏ అంకెలున్నాయో చూడండి" అన్నవాళ్లు. మామూలు డీ20లో 20ని ఆనుకుని 2, 8, 14 ఉంటాయి, పెద్దవీ చిన్నవీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఒక వైపు కాస్త బరువున్నా సగటు పెద్దగా మారదు. నా దాంట్లో 20 పక్కనే 19, దాని పక్కనే 18! అది స్పిన్‌డౌన్, కార్డ్ గేముల్లో లైఫ్ పాయింట్లు లెక్కపెట్టుకునే డైస్, సెకండ్‌హ్యాండ్ సెట్‌లో కలిసి వచ్చింది. చిన్న అంకెలన్నీ ఒకే వైపు, బుడగా అటే.

డైస్ వేసే ట్రేలో ఫెల్ట్ గుడ్డ మార్చడం, డైస్ టవర్ (పైనుంచి డైస్ వేస్తే దొర్లుతూ కిందికి వచ్చే గొట్టం లాంటిది) వాడడం వల్ల ఏ తేడా రాలేదు, వాటికి డబ్బులు పెట్టకండి. కొత్త డీ20 కొన్నాను, ఉప్పునీళ్లలో ప్రతిసారీ వేరే ముఖం పైకి వస్తోంది. పాతది హిట్ పాయింట్లు (ఆటలో పాత్రకు మిగిలిన ప్రాణశక్తి) లెక్కపెట్టడానికి బాగా పనికొస్తోంది.